టైటిళ్లలో నడిచేవాడు

బస్తర్ సంస్థానం పోయి సర్కారు రాజ్యం వచ్చి పాతికేళ్లయినా కొంట ఊళ్లో సినిమా హాలు లేదు. అందుకని కిరాణా కొట్టు శ్రీరంగం సంత మైదానంలో టూరింగ్ టాకీసు డేరా వేయించాడు. అడవి జనానికి సినిమా చూపించి మనుషుల్ని చేస్తున్నానని ఆయనగారి గొప్ప. ఆయన మనిషిగా చూసింది మాత్రం లోకంలో ఒక్క కమలాకుమారినే. కూతురు, ఆరేళ్లది. తల్లి పోయాక ఆ పిల్లే ఆయన ప్రాణం.

రాజమండ్రి నుంచి ఓ పాత దెయ్యం సినిమా తెచ్చాడు. అందులో పేర్లు పడేటప్పుడు పాటా లేదు, సంగీతమూ లేదు. ఎవడో అడవి దారిలో నడుస్తుంటాడు. వాడు కనపడడు. వాడి కళ్లకు కనిపించేదే మనకూ కనిపిస్తుంది. ఎండుటాకుల మీద అడుగులు... కర్ర్... కర్ర్... ఆ దారి మీదే పేర్లు వచ్చి పోతుంటాయి. చివర్న ఓ మూసిన తలుపు. టక్ టక్‌మని కొడతాడు. తలుపు తెరుచుకోదు. దర్శకుడి పేరు పడుతుంది. ఆ వెంటనే బస్తీలో హీరోగారి డాన్సు.

చుట్టుపక్కల అడవి ఊళ్లలో దోర్ల తెగ రైతులు ఆ పేర్లు పడే ముక్కను ఊపిరి బిగబట్టి చూసేవాళ్లు. డాన్సు రాగానే తువ్వాళ్లు దులుపుకుని లేచిపోయేవాళ్లు. మర్నాడు మళ్లీ టికెట్టు కొని, మళ్లీ దాని కోసమే వచ్చేవాళ్లు.

శ్రీరంగానికి ఒళ్లు మండిపోయింది. అక్షరమ్ముక్క రాని మొహాలు, చదవలేని పేర్ల కోసం వస్తారా! ఇంటర్వెల్లో సోడా తాగే దిక్కు లేదు. ఆ ముక్క కోసి పారేస్తే గాని వీళ్లకు బుద్ధి రాదని కొట్లో కూర్చుని కేకలేశాడు.

చింతపండు అమ్మడానికొచ్చిన హిడ్మే ఆ మాట వింది. ఎక్కువ మాట్లాడని దోర్ల ముసల్ది. తూకం వదిలేసి దగ్గరికొచ్చింది.

"కొయ్యకు సావుకారీ. తలుపు తెరవట్లేదని ఆడు రోజూ ఎనక్కి పోతున్నడు. తోవ కోసేస్తే యాడికి పోతడు?"

గుడ్డ మీద బొమ్మకు కాళ్లుంటాయా అని శ్రీరంగం పగలబడి నవ్వాడు. ఆ మధ్యాహ్నమే బ్లేడుతో ఆ ముక్క కోసి డబ్బాలో పడేశాడు.

సాయంత్రం ఆట నేరుగా డాన్సుతో మొదలైంది. ఒక్కరూ లేవలేదు. ఇంకేం, అయ్యగారు మీసం మెలేశారు. కాసేపటికి గాని గమనించలేదు... ఎవరూ తెరవైపు చూడటం లేదు. తలలన్నీ వెనక్కి, డేరా గుమ్మం వైపు తిరిగి ఉన్నాయి. చెవులు రిక్కించి వింటున్నారు.

కర్ర్... కర్ర్...

బయట. ఆ మైదానంలో చెట్టన్నదే లేదు. అయినా కుళ్లిన ఆకుల వాసన గుప్పున కొట్టింది. అడుగులు డేరా పక్కగా సాగి, శ్రీరంగం ఇల్లున్న సందులోకి మళ్లాయి.

ఇంట్లో పిల్ల ఒక్కతే ఉంది.

పరిగెత్తాడు. పంచె కాళ్లకు అడ్డం పడుతోంది. టక్... టక్... తన ఇంటి తలుపే. తియ్యకమ్మా అని అరవబోయేంతలోనే లోపల గడియ తీసిన చప్పుడు...

గుమ్మంలో కమలాకుమారి నిలబడి ఉంది. ఇంకెవరూ లేరు. ఒంటి మీద గీత కూడా పడలేదు. నువ్వే కొట్టావు కదా నాన్నా అంది. అంతటి మొనగాడూ పిల్లను గుండెకు హత్తుకుని భోరున ఏడ్చాడు.

మర్నాడు ఎవరూ చెప్పకుండానే ఆ ముక్క మళ్లీ అతికించాడు. ఆటకు పిల్లను తనతోనే తీసుకొచ్చి, ఒళ్లో కూర్చోబెట్టుకుని, రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు. పక్కన హిడ్మే కూర్చుంది.

అడవి దారి. పేర్లు. ఆ తలుపు... బార్లా తెరిచి ఉంది.

నడిచేవాడు వెనక్కి తిరిగాడు. మళ్లీ అడవిలోకి. కర్ర్... కర్ర్... వాడి వెనకాలే ఇంకో చప్పుడు. టప్... టప్... పెద్ద సైజు రబ్బరు చెప్పులు ఈడ్చుకుంటూ నడిచే చిన్న పాదాలు. కాళ్లెత్తి నడవమని రోజుకు పదిసార్లు కూతుర్ని కసురుకునేవాడు. ఆ చప్పుడు ఆయనకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

హిడ్మే తెరవైపు చూసింది. శ్రీరంగం వైపు చూసింది. మెల్లగా దూరం జరిగింది.

"సావుకారీ..." అని గొణిగింది. "మరి నీ ఒళ్లె కూసున్నది ఎవలు?"

శ్రీరంగం తల దించలేదు. ఒళ్లో ఉన్నది మాత్రం తలెత్తి ఆయన మొహంలోకే చూస్తోందని తెలుస్తోంది.