పుస్తె కట్టే వేళ బ్యాండు

పెండ్లి ఇంక పది దినాలే ఉంది... ఇప్పుడా ఈ లొల్లి! మంజుల గుమ్మం దగ్గర నిలబడి చూస్తోంది. సిరిసిల్లలోని వాళ్ల రెండు గదుల ఇంట్లో, చాప మీద కూర్చున్న వియ్యంకుడు కొండల్ మొహం కందగడ్డలా ఉంది. ఆయన ఎదుట నిలబడి చేతులు తిప్పుతూ ఏదో వాదిస్తున్నది ఎవరు? తన బిడ్డ మమతారాణి! పెండ్లికూతురు! ఇద్దరి పెదవులూ కదులుతున్నాయి గానీ, ఒక్క మాటా మంజులకు అందడం లేదు.

ఇరవై రెండేళ్లు సాంచాల షెడ్డులో కండెలు చుట్టింది మంజుల. ఆ మరమగ్గాల చప్పుడు ఆమె చెవులను కొంచెం కొంచెంగా తినేసింది. చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే తప్ప ఇప్పుడేమీ వినబడదు. ఆ సంగతి ఇంట్లో వాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. నిర్మల్ నుంచి కొండల్ వాళ్లు పిల్లను చూడ వచ్చిన రోజు, అందరి పెదవులూ చూస్తూ, తలూపుతూ, నవ్వుతూ నెట్టుకొచ్చింది. "చెవిటి తల్లి అని తెలిస్తే సంబంధం తప్పిపోతది బిడ్డా... చెప్పనని నా మీద ఒట్టెయ్!" అని మమత చేత ఒట్టు వేయించుకుంది.

గొడవంతా బ్యాండు మేళం గురించేనని ఆమెకు తర్వాత తెలిసింది. కొండల్ మాట్లాడిన బ్యాండువాళ్లకు ఆ రోజు వేరే పెండ్లి కూడా ఉంది, ఒక్కపూటే వస్తామన్నారు. సాయంత్రం నిర్మల్‌లో బరాత్ ఊరేగింపుకే పెట్టాలని ఆయన పట్టు. "బ్యాండు లేకుంట కోడలు మా గల్లీకి ఎట్లొస్తది? నలుగుర్ల నా ఇజ్జత్ ఏంగావాలె?" అన్నాడు. పొద్దున సిరిసిల్లలో, పుస్తె కట్టేటప్పుడే మోగాలంటుంది మమత. అప్పుడు సన్నాయివాళ్లు ఉంటారు కదా అంటే వినదు!

ఉన్నట్టుండి మమత తల్లి వైపు చెయ్యి చూపింది. కొండల్ తల తిప్పి చూశాడు. గదిలో అందరూ చూశారు. మంజులకు అర్థమైపోయింది... చెప్పేసింది! ఒట్టు తప్పింది!

"అయ్యో బిడ్డా! నీ బతుకు నేనే ఆగం జేస్తి గదనే!" అంటూ కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుంది.

కొండల్ లేచాడు. ఇక వెళ్లిపోతాడనుకుంది. కానీ ఆయన వచ్చి ఆమె పక్కనే గొంతుక్కూర్చుని, చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు.

"చెల్లే! నీ బిడ్డ ఏమన్నదో ఎర్కేనా? 'మా అవ్వకు సన్నాయి వినబడది, మంత్రాలు వినబడయి. బ్యాండోళ్ల పెద్ద డోలు ఒక్కటే ఆమె పానానికి తగుల్తది. నా పెండ్లి మా అవ్వకు వినబడాలె మామా' అన్నది!" ఆయన మమత వైపు ఓసారి చూసి మళ్లీ అరిచాడు. "బరాత్‌కు లేకున్నా ఫికర్ లేదు. పుస్తె కట్టేటప్పుడే మోగుతది!"

మంజుల కొంగుతో మొహం తుడుచుకుంది. బిడ్డ వైపు చూడడానికి ధైర్యం చాలలేదు.

పెండ్లి రోజు బ్యాండు మాస్టరు పెద్ద డోలును ఆమె వెనకే, మూరెడు దూరంలో నిలబెట్టించాడు. పంతులు చెయ్యెత్తాడు. పెండ్లికొడుకు అరుణ్‌కుమార్ పుస్తె అందుకున్నాడు.

మోగింది!

ముందు అరికాళ్లకు తెలిసింది. నేల జలదరించి, ఆ అదురు పిక్కల్లోంచి నడుములోకి, నడుములోంచి పక్కటెముకల్లోకి పాకింది. గుండె తనదో డోలుదో తెలియడం లేదు! ఆ వెంటనే, ఎక్కడో వాగు అవతలి నుంచి వచ్చినట్టు, సన్నగా... బూరల పాట! వింటున్నదా తాను? నిజంగానేనా? దేవుడా! ఇన్నేళ్లూ చప్పుడంటేనే తన పాలిటి శత్రువు. అదే చప్పుడు ఇవాళ ఇంత దయగా వచ్చి ఒళ్లంతా నింపుతుంటే, మంజుల రెండు చేతులూ జోడించి అలాగే నిలబడిపోయింది. కన్నీళ్లు తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు. పీటల మీద తల వంచుకుని కూర్చున్న మమత కళ్లు మాత్రం పైకి లేచి తల్లినే చూస్తున్నాయి.

మధ్యాహ్నం అప్పగింతలయ్యాయి. కారు దగ్గర మమత తల్లిని కావలించుకుని ఏదో గొణిగింది. ఇంకెప్పుడైనా అయితే తలూపి ఊరుకునేది మంజుల. ఇవాళ బిడ్డ మొహం రెండు చేతుల్లోకి తీసుకుని, అంతమంది ముందు, జీవితంలో మొదటిసారి అడిగింది.

"గట్టిగ చెప్పు బిడ్డా... నాకు వినబడది!"

మమత వెక్కుతూనే, వాడకట్టంతా తిరిగి చూసేలా అరిచింది.

"పోయొస్తనే... అవ్వా!"

"పోయిరా బిడ్డా!" అంది మంజుల. "వినబడ్డది!"