పన్నెండడుగుల చదును

మా అక్కావాళ్ల ఇంటి వెనక మూల జాగాకి మంచి పేరు లేదు. మిగతా పెరట్లో బట్టలారేసుకునేవారు, కుర్చీలు వేసుకునేవారు. ఆ మూలకి మాత్రం ఎవరూ వెళ్లేవారు కాదు. పక్కింటి మామ్మగారైతే అటువైపు కిటికీకి ఇటుకలు పేర్పించి మూయించేసింది.

"ఖాళీగా ఉన్నంతవరకూ దానికి ఎవరితోనూ పని లేదమ్మాయ్," అందావిడ ఒకసారి మా అక్కతో, గోడ మీంచి, గొంతు తగ్గించి. "అక్కడ ప్రాణమున్నదాన్ని కట్టాలని మాత్రం చూడకు."

అక్క నవ్వేసింది. స్కూలు బస్సు నడిపే మనిషి. అరవైమంది పిల్లల అరుపులకే బెదరనిది, ఒక మామ్మగారి గుసగుసకి బెదురుతుందా?

ఇదంతా అక్క చెప్పగా విన్నదే. కొంత ఏ రోజుకా రోజు ఫోన్లో చెప్పింది. మిగతాది తర్వాత, ఒక్కసారే. మళ్లీ అడగనివ్వలేదు.

అక్కకి ఒక ఆడగుర్రం ఉంది. ముసలిది, గోధుమరంగు. ఊరి చివర ఒకతని గుర్రపుసాలలో ఉంచేది. అతను సాల మూసేస్తున్నాడు. ఆదివారంలోగా తీసుకెళ్లకపోతే బేరగాడికి ఇచ్చేస్తానన్నాడు. ఆ బేరగాడు ముసలి గుర్రాల్ని బరువు లెక్కన కొంటాడు. దేనికో చెప్పక్కర్లేదు.

అందుకే అక్క, విడిభాగాలుగా వచ్చే గుర్రపుసాల తెప్పించింది. పలకలు, ఇనప చట్రాలు, నట్లు, బోల్టులు. అలాంటివి బిగించిపెట్టే పని నేను అప్పుడే మొదలుపెట్టాను. అక్కదే నా మొదటి ఆర్డరు. ఆదివారం వచ్చి బిగిస్తానన్నాను. ఆలోగా నేల సిద్ధంగా ఉండాలి. వదులు మట్టి ఆరంగుళాలు తీసేయాలి. నాలుగంగుళాల కంకర పోసి, నేల గట్టిపరిచే దిమ్మిసతో అణచాలి. పైన రెండంగుళాల రాతిపొడి పరిచి, తడిపి, మళ్లీ అణచాలి. పన్నెండడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు.

అడ్డం లేకుండా అంత చోటు ఆ మూలలోనే ఉంది.

బావకి గుర్రం రావడం ఇష్టం లేదు. "దాన్ని కింద ఉంచుకో, నేను పైన ఉంటాను," అని మంచం మేడమీదికి మార్చేసుకున్నాడు. వారం దాటింది, ఇద్దరికీ మాటల్లేవు. ఏం చెప్పాలన్నా ఫ్రిజ్ మీద చీటీలే. 'పాలు లేవు.' 'ఉన్నాయి, కింది అరలో.' కాపురం అంతవరకే.

గురువారం సాయంత్రం అక్క సున్నంతో గీతలు గీసి తవ్వడం మొదలుపెట్టింది. చీకటిపడేసరికి రెండడుగుల వెడల్పు తవ్వింది. నడుం పట్టేసింది. లోపలికొచ్చి పడుకుంది.

శుక్రవారం పొద్దున్న లేచి చూస్తే... మొత్తం తవ్వేసి ఉంది.

అంచులు గీత గీసినట్టున్నాయి. ఎక్కడ కొలిచినా ఆరంగుళాలే.

అక్క నాకు ఫోన్ చేసింది. గొంతులో నవ్వు దాచుకోలేకపోతోంది.

"మీ బావ పనిరా. రాత్రంతా తవ్వినట్టున్నాడు."

"అడిగావా?"

"నేనెందుకు అడుగుతాను? ముందు ఆయన్ని నోరు విప్పమను."

"తవ్విన మట్టి ఎక్కడ పోశాడక్కా?"

"ఏమో. నాకైతే కనపడలేదు."

నేను లెక్కేశాను. అక్క తవ్వింది తీసేస్తే నూట ఇరవై చదరపు అడుగులు. అరడుగు లోతు. అరవై ఘనపుటడుగుల మట్టి – రెండు టన్నుల పైమాటే. పొద్దస్తమానం కంప్యూటర్ ముందు కూర్చునే మా బావ, ఒక్క రాత్రిలో...

"అక్కా, ఒక్కడి వల్ల అయ్యే పని కాదది."

"నీ లెక్కలు నీ దగ్గరే పెట్టుకో," అంది.

ఫ్రిజ్ మీద 'థాంక్స్' అని చీటీ అంటించింది. సాయంత్రానికి దాని కింద జవాబుంది: 'సరేలే.' బావ ముందురోజే నీళ్ల మోటారు బాగుచేయించాడు. థాంక్స్ దానికనుకున్నాడు. నోరు తెరిచి ఒక్క మాట అడిగుంటే అక్కడితో పోయేది. ఇద్దరూ అడగలేదు.

ఆ సాయంత్రమే లారీ వచ్చి గేటు ముందు కంకర ఒక కుప్ప, రాతిపొడి ఒక కుప్ప పోసి వెళ్లింది. శనివారం తెల్లారేసరికి కంకర కుప్ప లేదు. వెనక మూలలో నాలుగంగుళాల మందాన పరిచేసి ఉంది. మడమతో తన్నినా ఒక్క రాయి కదల్లేదు.

మామ్మగారు గోడ మీంచి తొంగిచూసింది.

"రాత్రి ఏంటమ్మా ఆ చప్పుడు?"

"మా ఆయనండీ. దిమ్మిస కొడుతున్నాడు."

"దిమ్మిస చప్పుడు నాకు తెలుసు," అని ఆవిడ లోపలికెళ్లిపోయింది.

శనివారం రాత్రి ఒంటిగంట దాటాక అక్కకి మెలకువ వచ్చింది.

దబ్... దబ్... దబ్...

పెరట్లోంచి. మెత్తగా, తొందర లేకుండా.

పంతం ఇంక చాలనిపించింది. టీ కాచి ఫ్లాస్కులో పోసుకుంది. పెరటి తలుపు తీస్తుంటే, గోడకి ఆనించిన దిమ్మిస మోకాలికి తగిలింది. పడిపోకుండా దాన్ని సర్ది నిలబెట్టి, బయటికి నడిచింది.

పది అడుగులు వేశాక తట్టింది – దిమ్మిస ఇక్కడుంటే, అక్కడ దేంతో కొడుతున్నాడు?

వెన్నెల లేదు, వంటింటి లైటు వెలుగే. మూలలో ఎవరో మోకాళ్ల మీద వంగి ఉన్నారు. వీపు ఇటు. చేతులు లేస్తున్నాయి... పడుతున్నాయి.

ఉత్త అరచేతులు.

"చేతులు పుండ్లయిపోతాయి," అంది అక్క మెల్లగా. "చాల్లే, లోపలికి రా. టీ తెచ్చాను. రేపు గుర్రం వచ్చేస్తోందిగా, ఇంకా కోపమేనా?"

చప్పుడు ఆగింది.

"ఎన్నింటికి?"

గుసగుస. బావ గొంతులాగే ఉంది... కానీ నోట్లో తడి మట్టి పెట్టుకుని మాట్లాడినట్టుంది.

"రాత్రి తొమ్మిదింటికి. వ్యాను–"

వెనక, మేడమీద కిటికీ తెరుచుకుంది.

"ఎవరితో మాట్లాడుతున్నావ్?"

బావ గొంతు. పైనుంచి. ఇన్ని రోజుల తర్వాత మొదటి మాట. వెంటనే మళ్లీ –

"ఎవరు... వాళ్లందరూ?"

అక్కకి కనపడింది ఒక్కరే. ఫ్లాస్కు అక్కడే పడేసి లోపలికి పరిగెత్తింది. పైనుంచి ఎన్ని వీపులు కనపడ్డాయో బావ ఇప్పటికీ చెప్పడు.

తెల్లవారగానే అక్క సాల అతనికి ఫోన్ చేసి, ఒక్క వారం గడువిమ్మని బతిమాలింది. కుదరదన్నాడు. తనకి తెలిసిన వాళ్లందరినీ అడిగింది. ఎవరి దగ్గరా చోటు లేదు.

"బేరగాడి దగ్గరికి పోతే ఏమవుతుందో నాకు తెలుసురా," అంది నాతో. "ఇక్కడికొస్తే ఏమవుతుందో తెలీదు."

మధ్యాహ్నం తనే వెళ్లింది. గుర్రం మెడ నిమిరి, తాడు బేరగాడి చేతికిచ్చింది. బిగించడానికి ఏమీ లేదు, నన్ను రావద్దంది.

ఆ రాత్రి ఇద్దరూ వంటింట్లో లైటు వేసుకుని, తెల్లారగానే ఇల్లు వదిలేద్దామని బట్టలు సర్దుకుంటూ కూర్చున్నారు. నేను ఫోన్లో ఉన్నాను. తొమ్మిదైంది... ఏమీ లేదు. తొమ్మిదీ పది... ఏమీ లేదు.

తొమ్మిదింబావుకి –

దబ్.

నాకూ వినిపించింది.

"మూలలోనే," అంది అక్క.

తర్వాత వరసగా... ఒక జత చేతులు కాదు. పది... ఇరవై... లెక్కపెట్టబోయాను. అందలేదు.

"అక్కా, మాట్లాడు."

"ఇటు వస్తున్నాయిరా."

బావ "పద" అనడం వినిపించింది. ఫోన్ కింద పడింది. కట్ అవలేదు. వీధి తలుపు ధడాలున తెరుచుకుంది. ఆ తర్వాత కూడా చాలాసేపు విన్నాను నేను. చప్పుడు పెరుగుతూనే ఉంది.

ఆ ఇంటికి వాళ్లు మళ్లీ వెళ్లలేదు. సామాను కోసం మర్నాడు మిట్టమధ్యాహ్నం నేను వెళ్లాను. టేపు తీసుకెళ్లాను. వెనక మూల నుంచి వంటింటి గడప దాకా నలభై రెండడుగులు. పన్నెండడుగుల వెడల్పున ఆ దారంతా ఆరంగుళాల లోతుకి తవ్వి, చదును చేసి ఉంది. ఎక్కడా అరంగుళం తేడా లేదు. తవ్విన మట్టి ఎక్కడా లేదు.

తవ్వకం గడప దగ్గరికొచ్చి ఆగిపోయిందనుకున్నాను. మోకాళ్ల మీద కూర్చుని, గడప కిందికి టార్చి వేశాను.

గడప కింద మట్టి లేదు. వంటింటి గచ్చు కింద లేదు. వెలుగు పోయినంత దూరం, అక్క పడుకునే గది కింది దాకా... ఆరంగుళాల ఖాళీ. దాని అడుగున, నున్నగా అణిచిన నేల.