తీరం లేని ఊళ్లో సన్మానం

కుప్పం స్టేషన్లో మద్రాసు రైలు దిగిన పట్టుగూళ్ల వ్యాపారి టీ గ్లాసు అందుకోబోతూ కుప్పకూలిపోయాడు. గుండెపోటు అనుకున్నారు చుట్టూ ఉన్నవాళ్లు. వీపు మీద విషపు సూది గుచ్చిన గుర్తు పోస్ట్‌మార్టంలో గానీ బయటపడలేదు. పోయినవాడు పట్టుగూళ్ల మొహం ఎరిగినవాడు కాదు. సెక్షన్ నైన్ అనే గూఢచారి శాఖ ఏజెంట్, నంబర్ ఫోర్. ప్రాణం పోయే ముందు టీకొట్టు గౌరమ్మ చెయ్యి పట్టుకుని ఒకే ఒక్క మాట అన్నాడు.

"సన్మానం."

మద్రాసు ఆఫీసులో చీఫ్ ఆ మాటను నాలుగుసార్లు తనలో తాను గొణుక్కున్నాడు. "సన్మానం కోసం చచ్చేవాళ్లను ఎంతోమందిని చూశాను. సన్మానం సంగతి తెలిసి చచ్చినవాణ్ని ఇప్పుడే చూడటం," అన్నాడు.

ఎదురుగా నిలబడ్డ ఏజెంట్ సెవెన్ నవ్వలేదు. అతని పేరు అమానుల్లా. మదనపల్లెలో పుట్టి పెరిగాడు. నంబర్ ఫోర్‌తో ఒకే కంచంలో తిన్నవాడు.

"బ్రీఫింగ్ వినండి," అన్నాడు చీఫ్. "తీరంలో ఉప్పుపాళెం అని ఓ చిన్న పల్లె. పక్కనే కొత్త నేవల్ డిపో. దాన్ని పేల్చడానికి విదేశీ ముఠా ఒకటి తయారుగా ఉంది. సరుకు పడవలో వస్తుంది. దింపడానికి ఆ ఇసుకను మించిన చోటు లేదు."

"కోస్ట్ గార్డ్?"

"పుట్టి ఇంకా ఏడాది నిండలేదు. ఉన్న నాలుగు షిప్పులూ ఎక్కడెక్కడో ఉన్నాయి. ఆ తీరాన్ని ప్రస్తుతం కాస్తున్నది వాలంటీర్లు. మీ జిల్లావాళ్లే. కరువుకు తట్టుకోలేక గుడుపల్లె, బైరెడ్డిపల్లె వదిలి ఉప్పు మళ్లలో కూలికి పోయి అక్కడే ఉండిపోయారు. పగలంతా ఉప్పు లాగుతారు. వంతులేసుకుని సముద్రం కాస్తారు. పోలీసు ఔట్‌పోస్టు తలా ఒక ఈల ఇచ్చింది."

"మనం ఏమిస్తున్నాం సార్?"

"అప్రీసియేషన్. అదీ మనసులోనే."

మదనపల్లెలో ఈమధ్య ఒక దేశరక్షక సన్మాన సమితి వెలిసిందట. ప్రెసిడెంట్ దొరస్వామి. ఉప్పుపాళెం వాలంటీర్లందరినీ సొంత జిల్లాకు రప్పించి శాలువాలు కప్పుతాడట. సెక్రటరీ పేరు మసూదా.

"ఆమె మన మనిషి," అన్నాడు చీఫ్. "వాళ్ల మనిషి కూడా. చివరికి ఎవరి మనిషో ఆమెకే తెలియదు. శాలువాల్లో ఏదో స్మగుల్ అవుతోందని నా అనుమానం. శాలువాలు చెక్ చెయ్యండి."

అమానుల్లా మైకుసెట్టు వాడి వేషంలో కుప్పం చేరాడు. లుంగీ, మెడలో తువ్వాలు, నోట్లో వక్కాకు. అతని ఆంప్లిఫయర్ డొల్లలో ఒక వైర్‌లెస్ సెట్టు దాచి ఉంది. కాకపోతే అది వినడానికే పనికొస్తుంది. మాట్లాడే భాగాన్ని ఖర్చులు తగ్గించే ఎకానమీ డ్రైవ్‌లో పీకేశారు. ప్రభుత్వం వారి గాడ్జెట్లు అంతే మరి!

రైలు వచ్చింది. ఉప్పుకు పగిలిన కాళ్లతో, ఉతికిన పంచెలతో మగవాళ్లు బిలబిలా దిగారు. ముందు నడుస్తున్న పెద్దాయన నల్లప్ప. ప్లాట్‌ఫాం దాటగానే వంగి మట్టి తాకి కళ్లకద్దుకున్నాడు. దొరస్వామి తెల్లటి జుబ్బా మీద చేతులు జోడించి, ఒక్కొక్కరి మెడలో దండ వేశాడు. పక్కనే పట్టుచీరలో, నల్ల కళ్లద్దాల్లో మసూదా. ఆమె నవ్వితే కూలీలంతా సిగ్గుపడి తలలు దించుకున్నారు.

బస్సులో నల్లప్ప పక్కన కూర్చున్నాడు అమానుల్లా.

"ఎన్నేండ్లయిందప్పా ఈ మన్ను తొక్కి," అన్నాడు నల్లప్ప. "ఇన్ని దినాలు సముద్రం కాస్తిమి. మీరుండారా సచ్చినారా అని అడిగినోడు లేడు. ఈ అయ్య పిల్సినాడు సూడు, కడుపు నిండిపోయిందప్పా."

"అందరూ వచ్చినారా?"

"మొగోళ్లమంతా వస్తిమి. ఒక్కడు తగ్గినా ఆ అయ్య ఒప్పుకోలా."

ఆ మాట అమానుల్లాకు ముల్లులా గుచ్చుకుంది. శాలువాల మూటలు అప్పటికే తడిమి చూశాడు. వాటిలో శాలువాలే ఉన్నాయి.

పుంగనూరులో భోజనాలు. విస్తళ్లలో రాగిముద్ద, మటన్ పులుసు. అమానుల్లా వరండా చివర నిలబడ్డ మసూదా దగ్గరికి వెళ్లాడు.

"పుంగనూరు ఆవు కొనల్లమ్మా. యాడ దొరుకుతాది?"

"పొట్టివన్నీ అమ్ముడుపోయినాయి. పొడుగుది తీసుకుంటావా?"

కోడ్ కలిసింది. మసూదా కళ్లద్దాలు తీసింది. ఆ కళ్లలో జాలి ఉంది. అది చూసే అమానుల్లాకు భయం వేసింది.

"శాలువాలు వెతికినావా భాయ్? శాలువాల్లో ఏమీ లేదు. సన్మానమే ఆయుధం. కాపలావాళ్లంతా ఈడ ముద్ద తింటా ఉండారు. ఉప్పుపాళెంలో ఈల ఊదేదానికి మొగ పురుగు లేదు. పొద్దు గుంకే యాళకు పడవ దిగుతాది. నంబర్ ఫోర్ ఇదే కనుక్కున్నాడు, పాపం."

"ఇది నిన్న చెప్పి ఉండచ్చు కదా!"

"నిన్న చెప్తే నన్ను సంపుతారు. ఈపొద్దు చెప్తే నువ్వేమీ చెయ్యలేవు. అందుకే చెప్తాండా."

అమానుల్లా పోస్టాఫీసుకు పరుగెత్తాడు. మద్రాసుకు లైటనింగ్ కాల్, అన్నిటికన్నా అర్జెంటు ట్రంక్ కాల్, బుక్ చేశాడు. చీఫ్ దొరికేసరికి ఎండ పడమటికి వాలిపోయింది. విషయం చెప్పాడు. అవతల పెద్ద నిట్టూర్పు.

"నేవీకి రిటన్ రిక్వెస్ట్ కావాలి. దగ్గరలో షిప్పు లేదు. ఔట్‌పోస్టులో ఇద్దరే ఉన్నారు, ఈల వినపడితే గానీ కదలరు. వాళ్లకు అంతే ఆర్డర్స్. అక్కడి ఫోను కూడా పొద్దుటి నుంచి పలకడం లేదు. జీప్ పంపిస్తాను. చీకటి పడ్డాక చేరుతుంది." ఆపైన విసుక్కున్నాడు. "అసలు జీతం లేనివాళ్ల మీద ఒక తీరాన్ని వదలమని ఎవరు చెప్పారు?"

"మీరే సార్," అని ఫోను పెట్టేశాడు అమానుల్లా.

మదనపల్లెకు బస్సు దారంతా అతను లెక్కలు వేశాడు. వాలంటీర్లను వెనక్కి పంపుదామంటే సముద్రం ఒక పగటి ప్రయాణం. దొరస్వామిని పట్టుకుందామంటే పడవ ఆగదు. నంబర్ ఫోర్ చచ్చి సాధించిందేమిటి, తాను బతికి సాధించబోయేదేమిటి అని ఏడుపు వచ్చింది. ఆ ఏడుపు దిగమింగుకుని మైకు తీగలు బిగించాడు.

సభ మొదలైంది. మైదానంలో జనం కిటకిటలాడారు. దొరస్వామి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి శాలువా కప్పుతుంటే చప్పట్లు మోగాయి. నల్లప్ప కళ్లు తుడుచుకున్నాడు. ఆంప్లిఫయర్ వెనక చెవికి బిగించిన రిసీవర్లో అమానుల్లాకు పడవలోని మనిషి గొంతు వినిపించింది.

"తీరం ఖాళీయేనా?"

వేదిక పక్కన ఆగి ఉన్న నల్ల కారులోంచి దొరస్వామి మనిషి జవాబిచ్చాడు. "ఖాళీ. రండి."

ఇక పోయేదేముంది? అమానుల్లా వేదికెక్కి దొరస్వామి చేతిలో మైకు లాక్కున్నాడు.

"నల్లప్పా! మిమ్మల్ని మోసం చేసినారప్పా! మిమ్మల్ని ఈడికి పిల్సింది సన్మానానికి కాదు. మీ తీరం ఖాళీ చేసేదానికి. ఈపాటికి శత్రువు పడవ ఉప్పుపాళెం ముందరుంది!"

నల్లప్ప శాలువా సర్దుకుంటూ అతన్ని అయోమయంగా చూశాడు.

"ఖాళీ ఎందుకుంటాదప్పా?"

"మీరంతా ఈడుంటే ఆడెవరుండారు?"

"మా ఆడోళ్లుండారు గదా! గుడుపల్లెలో బాయినీళ్ల వంతు ఎట్లనో సముద్రం వంతూ అట్లనే. మొగోడు ఊరికి పోతే ఇంటి వంతు పోతాదా? ఆడది గెనిమ గట్టు మీదికొచ్చి నిలబడాల్సిందే. జీతగానికి సెలవుంటాది, మాకు యాడిది? ఈపొద్దు నా వంతు. ఈల మా ఇంటిది సుబ్బలక్ష్మమ్మ మెళ్లో ఏసి వస్తిని."

అమానుల్లా నెత్తి కొట్టుకున్నాడు. పొద్దుటి నుంచి ఆ మనిషి పక్కనే కూర్చుని, ఆ ఒక్క ప్రశ్న అడగలేదు. టౌన్లో కుళాయి తిప్పి పెరిగినవాడికి బావి వంతు ఏం తెలుస్తుంది? దొరస్వామికీ తెలియలేదు. పట్నం సేట్ల బుద్ధి, మగవాళ్ల తలలు లెక్కపెట్టుకుని ఊరంతా వచ్చేసిందనుకున్నాడు.

దొరస్వామి మొహం పాలిపోయింది. ఒక్క గెంతులో వేదిక దిగి కారు వైపు పరుగెత్తాడు. అతని ఆలోచన అమానుల్లాకు వెంటనే అర్థమైంది. పడవను ఇంకో ఒడ్డుకు మళ్లించాలి. కాపలా లేని ఇసుకకు కరువా ఈ దేశంలో!

అమానుల్లా వెదురు గుంజకు కట్టిన మైకు హారన్ పెరికి వెంటపడ్డాడు. దొరస్వామి కారులోకి చెయ్యి దూర్చి వైర్‌లెస్ అందుకున్నాడు. "హలో, హలో, పక్క..." అన్నాడు. హారన్ కారు పైనున్న ఏరియల్ మీద పడింది. ఏరియల్ విరిగింది. రెండో దెబ్బకు దొరస్వామి జుబ్బాలోంచి తీసిన తుపాకీ, దాంతోపాటు మణికట్టు విరిగాయి. డ్రైవరు సీట్లో ఉన్నవాడిని జనం బయటికి లాగారు. మసూదా దూరం నుంచి అంతా చూసి, గెలిచినవాళ్లకు నమస్కారం పెట్టి, బెంగుళూరు బస్సెక్కి వెళ్లిపోయింది.

మద్రాసు ఆఫీసు నుంచి ట్రంక్ కాల్ సభ ముగిశాక వచ్చింది. ట్రావెలర్స్ బంగళాలో ఫోనెత్తాడు అమానుల్లా.

ఉప్పుపాళెంలో పడవ ఒడ్డు తగలబోతుండగా ఈల మోగింది. ఒకటి విని ఇంకొకటి, అది విని మరొకటి. ఆడవాళ్లు వరసగా నిలబడి ఊదారు. తాటాకులు ముట్టించారు. ఔట్‌పోస్టు పోలీసులు ఆ మంటల వెలుగులో వచ్చి నలుగురిని పట్టుకున్నారు. పెట్టెలు నీళ్లపాలయ్యాయి. డిపో భద్రం. పడవలోంచి మొదటి ఈల మీదికి కాల్పులు జరిగాయి. సుబ్బలక్ష్మమ్మ అక్కడికక్కడే పోయింది. పారిపోవడానికి వీలున్నా, రెండో ఈల అందుకునేదాకా ఆమె కదలలేదట.

అమానుల్లా ఫోను పెట్టేశాడు. ఆ ఒక్క మాట దొరస్వామిని పూర్తి చెయ్యనిచ్చి ఉంటే పడవ మళ్లిపోయేది. ఆమె బతికి ఉండేది. పడవను ఆమె ముందుకు పంపింది తన చెయ్యే.

బయట మెట్ల మీద నల్లప్ప శాలువాతో కూర్చుని ఉన్నాడు. అమానుల్లాకు దాచడం చేతకాలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఏరియల్ సంగతి కూడా చెప్పాడు.

నల్లప్ప శాలువా తీసి మడిచి మెట్టు మీద పెట్టాడు.

"తప్పు నీదని అనను," అన్నాడు. "ఇప్పుడు మా వంతులో ఎవరుండారప్పా?"

"తెలియదు నల్లప్పా."

"బస్సు తియ్యమను. పోతాము."

కూలీలంతా బస్సెక్కారు. ఎవరూ భోజనం ముట్టలేదు.

మళ్లీ ఫోను మోగింది. చీఫ్ గొంతు హుషారుగా ఉంది. "బ్రిలియంట్, సెవెన్! సెక్షన్ నైన్ అప్రమత్తత అని ప్రెస్‌నోట్ ఇస్తున్నాం. చిన్న చిక్కుంది. ఆ ఆడమనిషి వాలంటీరు కాదు. వాలంటీరేమో ఈ రోజు ఊళ్లో లేడు. ఆమెకు ఏం చెయ్యాలన్నా రూలు ఒప్పుకోదు. వాళ్లను కనీసం ఎవరి చేతనైనా గౌరవించే ఏర్పాటు చెయ్యగలవా?"

"కష్టం సార్," అన్నాడు అమానుల్లా. "వీళ్లను రైలెక్కించి, మటన్ పెట్టి, శాలువా కప్పినవాడు ఈ దేశంలో ఒక్కడే ఉన్నాడు. వాణ్నిప్పుడే లాకప్‌లో వేయించి వచ్చాను."