వెనక బరువు

పాత మెకానిక్‌ను బ్యాటరీలు చార్జ్ చేసే గదిలోకి నెట్టి, బయట గడియ పెట్టారు. లోపల బ్యాటరీలు అంటుకున్నాయి. తలుపు మీద గోళ్ళ గీతలు మాత్రం మిగిలాయి.

"గడియ పెట్టింది చిలక," అన్నాడు చీఫ్. డిపార్ట్‌మెంట్‌లో అందరూ ఆయన్ని చాటుగా మామయ్య అంటారు. పిల్లనిచ్చిన మామ కూడా అల్లుణ్ణి అంత ఆప్యాయంగా సాగనంపడు. ఈయన సాగనంపేది మాత్రం చావుకి.

చిలక కూడా ఈ గూఢచారి డిపార్ట్‌మెంట్ ఏజెంటే. రిమోట్‌తో తోలే చిన్న బగ్గీ కార్ల రేసుల్లో ఛాంపియన్. ఎర్ర గ్లవ్స్, నల్ల కళ్ళజోడు, ఎవరినైనా కరిగించే నవ్వు. ఇక్కడ జీతం తింటూ విదేశీ ముఠాకి పనిచేస్తోంది.

"ఫైనల్స్‌కి రాకెట్ సైంటిస్ట్ చీఫ్ గెస్ట్. ఆయన్ని లేపేస్తారని సమాచారం. ఎలాగో తెలీదు. తన మెకానిక్‌నే చంపుకుంది, ఆమెకిప్పుడు కొత్తవాడు కావాలి."

"ఆమె దొరికాక?" అడిగాడు ఏజెంట్ స్పానర్.

"ముఠా పేర్లు నాకియ్యి. ఆమె సంగతి నీ ఇష్టం."

చనిపోయిన మెకానిక్ స్పానర్‌కి సొంత తమ్ముడు.

పెట్టుడు మీసం, అరువు తెచ్చుకున్న నత్తితో స్పానర్ చిలక పిట్‌లో, అంటే బగ్గీలు బాగుచేసే చోట, మెకానిక్‌గా చేరాడు. ఫైనల్ రోజు పొద్దున్నే చిలక బగ్గీని బల్ల మీద పెట్టింది.

"జంప్‌లో ముక్కు పైకి లేస్తోంది. తోక మీద పడుతోంది. షాక్ అబ్జార్బర్లు మాత్రం చూడు, కింద ఏదీ విప్పకు."

"అ... అలాగే మేడమ్."

వెనక షాక్స్‌లో చిక్కటి ఆయిల్ పోశాడు. స్ప్రింగులు మార్చాడు. తోక కిందికే ఉంది. నాలుగు చక్రాల కింద కాటాలు పెట్టి చూస్తే వెనక బరువు ఎక్కువ. మోటారు కింద రేకు విప్పాడు. సబ్బుబిళ్ళంత పేలుడు ముద్ద, దాన్నుంచి సిగ్నల్ అందుకునే రిసీవర్‌లోకి వైరు. సిగ్నల్ పోతే బండి తనంతట తాను బ్రేకు వేసుకోవాలి, దాన్నే ఫెయిల్‌సేఫ్ అంటారు. ఇక్కడ సిగ్నల్ పోతే పేలేలా పెట్టారు. సైంటిస్ట్ కాళ్ళ దగ్గరకు తోలి రిమోట్ ఆపేస్తే చాలు.

ముక్కు లేస్తే లేచిందని ఊరుకుంటే ఆమె గుట్టు దాగేది. ఛాంపియన్ కదా, చంపడానికి తోలే బండి కూడా చక్కగా ఎగరాలి.

ఫైనల్. చిలక డ్రైవర్ల వేదిక మీద, సైంటిస్ట్ ఆఖరి జంప్ పక్కన ముందు వరసలో. బగ్గీ గాల్లోకి లేచి, పళ్ళెంలా సమంగా ఎగిరి, నాలుగు చక్రాల మీద దిగింది. ఆమె మొహం వెలిగింది. మరుక్షణమే పాలిపోయింది. ఆ బండి అంత తేలిగ్గా ఎగరకూడదు.

"స్విచ్ ఆపకు," అంది చెవిలో ఇయర్‌ఫోన్. ఆ గొంతులో నత్తి లేదు. "సామాను నీ రిమోట్‌లోకి మార్చాను. చేతికి బరువు తెలియట్లేదూ?"

రిమోట్ బీప్ అంది.

"బ్యాటరీ సగం చచ్చిందే వేశాను. అది అయిపోయినా పేలుద్ది. కింద పెట్టినా పేలుద్ది."

"ఎవడివిరా నువ్వు?" కాలర్ మైకులో గుసగుసగా అడిగింది.

"తలుపు గీరి గీరి చచ్చాడే, వాడి అన్నని. పేర్లు చెప్పు, వచ్చి తీసేస్తా."

బీప్‌లు దగ్గరపడ్డాయి. ఆమె బగ్గీ తోలుతూనే ఒక్కొక్క పేరూ చెప్పింది. ఆఖరికి ముఠాను నడిపే సొంత అక్క పేరు కూడా కక్కేసింది. బయట వ్యాన్‌లో మామయ్య అంతా రికార్డ్ చేసుకున్నాడు.

"చెప్పేశాగా! తియ్యి! త్వరగా..."

స్పానర్ కదల్లేదు. బీప్ సాగి సాగి ఆగిపోయింది. చిలక కళ్ళు గట్టిగా మూసుకుంది.

ఏమీ కాలేదు. బగ్గీ బుద్ధిగా బ్రేకు వేసుకుని సైంటిస్ట్ కాళ్ళ ముందు నిలబడింది. అసలు ముద్ద పొద్దున్నే బాంబ్ స్క్వాడ్ చేతికి వెళ్ళిపోయింది.

స్పానర్ మెట్లెక్కి రిమోట్ మూత తీశాడు. లోపల ఒళ్ళు రుద్దుకునే సబ్బు.

ఆమె చేతులు చాచింది. "బేడీలు వెయ్యి."

"ఎందుకు? మాకింత సాయం చేశావు. ఆ మాటే మీ అక్కకి కబురు పెట్టాం. మిగతావాళ్ళని మావాళ్ళు పట్టుకుంటున్నారు, ఆమెను మాత్రం కాసేపు వదిలేశాం. పనయ్యాక నిన్ను తీసుకెళ్ళడానికి ముందే వచ్చిందిగా, గేటు దగ్గర కారులో నీకోసం చూస్తోంది."

"జైల్లో పెట్టు... నీ కాళ్ళు పట్టుకుంటా."

ఇద్దరు గార్డులు ఆమెను మర్యాదగా గేటు దాకా దిగబెట్టారు. స్పానర్‌కి జాలి కలగలేదు. కలుగుతుందేమోనని కాసేపు నిలబడి చూశాడు కూడా.

సైంటిస్ట్ బగ్గీని ఎత్తుకొచ్చాడు. "భలే ఎగిరిందయ్యా! ఏం చేశావేంటి?"

"వెనకాల కొంచెం బరువుండేదండీ," అన్నాడు స్పానర్ మీసం పీకేస్తూ. "దించేశాను."