వాయిదా మేక

తెల్లవారినప్పటి నుంచీ కొట్టంలో మేకలు ఒకటే అరుపు. పాలు పిండే వేళ దాటిపోయినా ఎవరూ గిన్నె పట్టుకుని రాకపోతే వాటికి మాత్రం కోపం రాదా?

"ఏడాదికోసారి మీకీ శిక్ష తప్పదర్రా," అంది మేనత్త, వాటికి గడ్డి వేస్తూ. "పళ్ళ డాక్టరు రావాలి, నిండు పొదుగు చూడాలి, పిండించి మళ్ళీ చూడాలి. కాస్త ఓర్చుకోండి. మా అమ్మాయి ఏడాదంతా ఓర్చుకోవడం లేదూ?"

"అత్తా!" అంది మేనకోడలు.

"నేను మేకలతో మాట్లాడుతున్నానే తల్లీ."

అతను డాక్టరేం కాదు. పిల్లల కోసం పెంచే తల్లి మందలో ఏ మేకల్ని ఉంచాలో, వేటిని తీసెయ్యాలో చూసి చెప్పడం అతని ఉద్యోగం. వస్తూనే మేకల నోళ్ళు తెరిచి పళ్ళు చూస్తాడని అత్త ఆ పేరు పెట్టింది.

మొదటిసారి వచ్చిన రోజే మేనకోడలితో గొడవ పడ్డాడు. ఆమె ముచ్చటపడి ఒక తెల్ల మేకను ముందుకు తెస్తే, "కళ్ళతో చూడకండి, మోసపోతారు. చేత్తో చూడండి," అని దాని వెన్ను నిమరమన్నాడు. వెన్ను మధ్యలో గుంట తగిలింది. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

ఆ తర్వాత ఏ మేక వెన్ను నిమిరినా అతని మాటే గుర్తొచ్చేది. పొద్దున పాలు పిండేటప్పుడు, సాయంత్రం తడిక మూసేటప్పుడు, వాన రేకుల మీద చప్పుడు చేసే మధ్యాహ్నాల్లో. మాట ఏడాదంతా తోడుండేది. మనిషి మాత్రం ఒక్క పూట వచ్చి వెళ్ళిపోయేవాడు. మళ్ళీ రోడ్డు మీద ఏ బైకు చప్పుడైనా ఆమె చేతిలో పని ఒక్క క్షణం ఆగేది.

ఇవాళ ఆ చప్పుడు గేటు దగ్గరే ఆగింది. మందు నీళ్ళ తొట్టెలో బూట్లు ముంచుకుని లోపలికి వచ్చాడు.

"బాగున్నారా?"

"బాగున్నాయి. మేతకి కరువేం లేదు."

"మేకల్ని అడగలేదండీ."

"అయితే పళ్ళు చూసి మీరే చెప్పండి."

అతను నవ్వేలోపు నాన్న వచ్చాడు. "బాబూ, ఇక నీకీ శ్రమ ఉండదు. మా అమ్మాయికి పనంతా వచ్చేసింది. ఇవాళ తనే చూస్తుంది, నువ్వు పక్కనుండి సరిచూడు చాలు. వచ్చే ఏడాది నుంచి మేమే చూసుకుంటాం."

అతను జేబులోంచి తీయబోయిన కొలత టేపు సగంలోనే ఆగింది. ఇంత బాగా నేర్చుకున్నందుకు ఆమెకు తన మీద తనకే కోపం వచ్చింది.

మొదటి మేక వచ్చింది. పొదుగు ఎత్తుగా, బిగువుగా, చూడముచ్చటగా ఉంది.

"వేలాడిపోతోంది. తీసెయ్యొచ్చు," అంది ఆమె.

అతను చటుక్కున తల తిప్పాడు. రెండో మేక నడుస్తుంటే వెనక కాళ్ళు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి.

"నడక భేషుగ్గా ఉంది."

"ఏంటమ్మడూ!" నాన్న తెల్లబోయాడు. "నిన్నటిదాకా గడగడా చెప్పావు కదా?"

"తడబడుతున్నాను నాన్నా. ఇంకో ఏడాది నేర్చుకోవాలేమో."

అత్తకు ఉన్నట్టుండి దగ్గొచ్చింది. అతని మొహం మాత్రం చిన్నబోయింది. "నేను చెప్పిందాంట్లో ఇంతేనా గుర్తున్నది? శ్రద్ధ లేనప్పుడు నేర్చుకోవడం దేనికి?"

"నేర్పేవాళ్ళు మెరుపులా వచ్చి మాయమైతే ఎలా గుర్తుంటుంది?"

"పిలిస్తే కదా వచ్చేది!"

"పిలవాలా?"

ఆ మాటకి జవాబు రాకముందే నాన్న మూడో మేకను లాక్కొచ్చాడు. మొదటి ఏడాది నాటి తెల్ల మేక. అప్పుడు అతనే గుంట చూపించి, అతనే "ఇంకో ఈత ఈనాక చూద్దాం" అన్నాడు. వచ్చిన ప్రతిసారీ అదే మాట. దాంతో అత్త దానికి వాయిదా అని పేరు పెట్టేసింది.

"ఇవాళ దీని సంగతి తేలాలి," అన్నాడు నాన్న.

అతను దాని వెన్ను మీద చెయ్యి వేశాడు. చాలాసేపు తియ్యలేదు. "ఇంకో ఈత చూస్తే..."

"ఇంకో ఈతకి నువ్వు చూడ్డానికి దానికి పళ్ళు మిగలవు నాయనా!" అంది అత్త.

"నువ్వు చెప్పమ్మా," అన్నాడు నాన్న. "ఆలోచించి చెప్పు. దీని పిల్లలే రేపు మందవుతాయి."

వాన మొదలైంది. ఉంచుదాం అంటే చాలు, అతను మళ్ళీ వస్తాడు. ఆమె దాని వెన్ను నిమిరింది. తడిక అవతల దాని కూతురు నిలబడి ఉంది, అదే గుంట వెన్నుతో. చేతికి అబద్ధం చెప్పడం రాలేదు.

"వెన్ను గుంట. పొదుగు కట్టు వదులు, పిండితే సంచిలా వేలాడుతుంది. కూతుళ్ళకీ అదే వచ్చింది. తల్లి మందలో ఉండకూడదు నాన్నా." ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఇందాకటివి కూడా తప్పు చెప్పాను. మొదటిది ఉంచాలి. రెండోదే తీసెయ్యాలి."

"తెలిసే తప్పు చెప్పావా?" నాన్న ఆమె వైపు చూసి, అతని వైపు తిరిగాడు. "నీకూ తెలుసు కదా బాబూ? మరి ఇన్నాళ్ళూ వాయిదా ఎందుకేశావు?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "తేల్చేస్తే పనైపోతుందండీ. మళ్ళీ రావాలంటే ఒక్క అనుమానమైనా మిగలాలి కదా."

నాన్న ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"హమ్మయ్య!" అంది అత్త. "అన్నయ్యా, దొంగలిద్దరూ ఒకేసారి దొరికారు."

"ఇద్దరూ కలిసి నా మందని పాడు చేశారు కదర్రా," అన్నాడు నాన్న. అంటూనే వాయిదా మెడ నిమిరాడు. "దీన్ని అమ్మను. ఇంటి పాలకుంటుంది. ముందు పాలు పిండండి, పాపం వాటి ప్రాణం పోతోంది." అత్తని కూడా కేకేసి లోపలికి తీసుకుపోయాడు.

ఇద్దరూ చెరో మేక దగ్గర కూర్చున్నారు. గిన్నెల్లో పాలధార చప్పుడు.

"పిండాక మళ్ళీ చూడాలి," అన్నాడతను, ఏదో ఒకటి మాట్లాడాలని. "నిండుగా ఉంటే అన్నీ బాగానే కనిపిస్తాయి."

"మరి మీరు నన్ను చూసిందీ ఈ ఒక్కరోజే కదా. తల దువ్వుకుని, కొట్టం కడుక్కుని ఉన్న రోజు. మిగతా రోజుల్లో ఎరువు బుట్ట మోస్తూ అందర్నీ కసురుతుంటాను."

"నేనూ ఇక్కడికి ఉతికిన చొక్కాతోనే వస్తాను."

ఆమె పాలగిన్నె పక్కన పెట్టి, మొదటిసారి అతని కళ్ళలోకి చూసింది.

"రేపు రండి."

"రేపా? రేపేం పనుంది?"

"ఏం లేదు," అంది. "అందుకే."