అమల లైటులో బ్యాటరీ

మధ్యాహ్నం కావస్తోంది. పాకాలలోని ఒక స్కూల్లో సైన్స్ ఫెయిర్‌కు వచ్చిన పిల్లలంతా అమల టేబుల్ చుట్టూనే మూగారు.

పక్క టేబుల్ దగ్గర లోహిత ఒక్కతే నిలబడింది. ఎర్ర రంగు పొంగే అగ్నిపర్వతం చేసింది. చూసేవాళ్లే లేరు.

అమలదేముంది? ఒక చెక్కకు బిగించిన రెండు పాత స్పీకర్ అయస్కాంతాలు, ఒక రాగితీగ చుట్ట. అంతే! చుట్టను అయస్కాంతాల మధ్య చకచకా ఆడిస్తే చిన్న ఎల్‌ఈడీ బల్బు మిణుకుమంటోంది.

"అబ్బ! సూడండ్రా!" అని ఎవరో అరిచినప్పుడల్లా లోహితకు ఒళ్లు మండిపోయింది.

అమల భోజనానికి వెళ్లింది. లోహిత అటూ ఇటూ చూసి, తీగచుట్టను మెల్లగా అయస్కాంతాల మధ్య పెట్టి పట్టుకుంది. బల్బు వెలగలేదు.

'ఇందులో ఏదో మోసం ఉంది' అనుకుంది. అలా అనుకోగానే మనసుకు హాయిగా అనిపించింది.

తిన్నగా వరండాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లింది.

"అమల లోపల బ్యాటరీ దాసిపెట్టింది. నేను సూసినాను!"

అమల తిరిగి వచ్చేసరికి టేబుల్ దగ్గర ఎవరూ లేరు. దూరం నుంచి బాలాజీ అనే పిల్లాడు నవ్వాడు. "బ్యాటరీ యాడ దాసినావు మే?"

"బ్యాటరీనా? మా నాయన షాపులో తీగ అడిగి నేనే చుట్టినాను," అంది అమల. ఆమె కళ్లు నిండాయి.

ఆ మాట విని శకుంతలమ్మ టీచర్ వచ్చారు. చెక్కను తిప్పి చూశారు. "ఈడ బ్యాటరీ ఏం లేదే!"

లోహిత నోరు జారింది. "మరి నేను పెడితే వెలగలేదే టీచర్?"

"పెట్టి ఊరికే ఉంటే ఎట్ల? అయస్కాంతాల మధ్య తీగ వేగంగా కదిలితేనే దాంట్లో కరెంటు పుడతాది. ఆడించి సూడు."

లోహిత ఆడించింది. బల్బు వెలిగింది. చెయ్యి ఆపింది. ఆరిపోయింది.

అమల కళ్లు తుడుచుకుంటూ, "ఇంకా జోరుగా ఆడించు. బాగా వెలుగుతాది," అంది.

కోప్పడినా బాగుండేది అనిపించింది లోహితకు. తల వంచుకుని వరండాలోని పిల్లల దగ్గరికి నడిచింది.

"నేను అబద్ధం చెప్పినాను. బ్యాటరీ లేదు. అందరూ అమల దగ్గరికే పోతాంటే కుళ్లుకున్నాను."

లోహిత బాలాజీ చెయ్యి పట్టుకుని అమల టేబుల్ దగ్గరికి లాక్కొచ్చింది. వెనకే మిగతావాళ్లూ వచ్చారు.

"ఇది ఎట్ల వెలుగుతాది మే?" అని లోహితనే అడిగాడు బాలాజీ.

"నన్ను అడగొద్దు. అమల చేసింది. అమలే చెప్తాది."

లోహిత తీగచుట్టను అమల చేతికిచ్చి, పక్కకు జరిగి నిలబడింది.