ఉరిమినా ఆపొద్దు

"ఫండిగారూ, మీ టాస్క్‌బార్ మళ్లీ కిందికి దిగిపోయింది," అంది ముహోంజా, ఫండి, అంటే కంప్యూటర్లు రిపేరు చేసే షివాచి, ఆమె కొట్టు గడప దాటకముందే.

కాకమెగా ఊళ్లో బస్టాండు పక్కన ఆమెది టైపింగ్, జిరాక్స్ కొట్టు. పాత కంప్యూటర్ తెర అడుగున వేలెడు మేర నల్లబడిపోయింది. టాస్క్‌బార్ అనే ఐకాన్ల పట్టీ ఆ నలుపులో పడితే ఏదీ కనిపించదు. అందుకని షివాచి దాన్ని పైకి మార్చి వెళతాడు. మర్నాటికి అది ఏమీ ఎరగనట్టు కిందే ఉంటుంది.

అతను సెట్టింగులన్నీ తిరగేశాడు, వైరస్ కోసం వెతికాడు. ఆమె అతని హస్తవాసి గురించి కస్టమర్లందరికీ చెప్పి నవ్వించింది. నిజానికి షివాచికి ఆ పట్టీ మీద కోపం లేదు. అది బుద్ధిగా పైనే ఉండిపోతే తనకిక్కడ పనేముంది?

ఆ రోజు మాత్రం ముహోంజా నవ్వలేదు. రేపూ ఇలాగే ఉంటే కిసుము నుంచి వేరే ఫండిని పిలిపిస్తానని వాళ్లమ్మ తేల్చి చెప్పిందట. షివాచికి పట్టీ నిలిస్తే ఒక తంటా, నిలవకపోతే ఇంకో తంటా. ఏదైతే అదయిందని, అసలు రోగం తేలేదాకా కదలనని కూర్చున్నాడు.

మధ్యాహ్నం ఆమె టీ, ఉడికించిన చిలగడదుంపలు తెచ్చింది. పెద్ద దుంప తన వైపే పెట్టిందని అతను కనిపెట్టాడు.

"తినండి. పని చేతకాకపోయినా ఆకలేస్తుందిగా," అంది ఆమె.

రోజూలాగే మబ్బు పట్టింది. ఎక్కడో ఉరిమింది. ముహోంజా చటుక్కున లేచి గోడకున్న ప్లగ్ పీకేసింది. తెర ఆరిపోయింది.

షివాచి నోట్లో దుంప అలాగే ఉండిపోయింది. "రోజూ ఇంతేనా?"

"పీకకపోతే? పోయినేడు పిడుగుకి పక్కింటివాళ్ల టీవీ కాలిపోయింది. ఉరుము విని ఊరుకునేవాళ్లు ఈ ఊళ్లో ఎవరున్నారు?"

అతను తల పట్టుకుని నవ్వాడు. తన ఇంట్లోనూ అదే అలవాటు, అందుకే తట్టలేదు. "మనం మార్చినవన్నీ అది షట్‌డౌన్ అయ్యేటప్పుడే దాచుకుంటుంది. మీరేమో నోరు తెరిచేలోపే మెడపట్టి గెంటేస్తున్నారు. అందుకే రోజూ మొదటికొస్తోంది."

రేకుల మీద వాన మొదలైంది. ముహోంజా తలుపు వైపు తిరిగి అంది:

"మీరూ అంతేగా. రోజూ ఏదో చెప్పబోతారు, చెప్పకుండానే బ్యాగు తగిలించుకుని పోతారు. మర్నాడు మళ్లీ టాస్క్‌బార్ ఎలా ఉందని మొదలు."

షివాచి టీ గ్లాసు కింద పెట్టాడు. "రేపట్నుంచి అది పైనే ఉంటుంది. అయినా రావాలనుంది. నీకోసం."

"అయితే రా," అంది ఆమె మెల్లగా. "అమ్మకి కూడా నువ్వే చెప్పుకోవాలి."

వాన వెలిశాక అతను పట్టీని పైకి మార్చాడు. ఆమె పద్ధతిగా షట్‌డౌన్ చేసి, తెర నల్లబడేదాకా ఆగి, అప్పుడు ప్లగ్ తీసింది.

మర్నాడు షివాచి బ్యాగు లేకుండా వచ్చాడు. కంప్యూటర్ ముందు వాళ్లమ్మ కూర్చుని ఉంది.

"అంతా బాగానే ఉందిగా బాబూ. మరెందుకొచ్చావు?"

"అది చెప్పడానికేనమ్మా," అన్నాడు. బయట సన్నగా ఉరిమింది, ఆవిడ చెయ్యి ప్లగ్ మీదికి వెళ్లింది.

ముహోంజా ఆ చేతిని పట్టుకుని ఆపి, అతని వైపు స్టూలు జరిపింది.

"చెప్పు. ఉరిమినా ఆపొద్దు."